విత్తనం ఫోల్డరు

మా అత్త పోయిందన్న కబురు నాకు ఫోనులో తెలిసింది. పొద్దున తొమ్మిది కూడా కాలేదు. పామిడిలో మా ఇంటి ముందుగదిలో మిషను ముందు కూర్చుని నైటీలకు అంచులు కుడుతున్నాను. గుత్తి నుంచి అత్త పక్కింటామె చేసింది. "మేయ్, మీ అత్త లెయ్యలేదు. పాలాయప్ప పిల్చి పిల్చి నన్ను పిల్చినాడు. పోయి చూస్తే నిద్దట్లోనే పోయినట్టుండాది. బిరీన రాండి" అంది. నేను "ఊ" అన్నాను. మళ్ళీ "ఊ" అన్నాను. ఆమె పెట్టేసింది. నా కాలు మాత్రం ఆడుతూనే ఉంది. చూసుకునేసరికి గుడ్డ అయిపోయి, సూది ఉత్త ఇనుము మీద టకటకలాడుతోంది.

అత్త అంటే మా నాయనకు ఒక్కగానొక్క చెల్లెలు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళకు "తీరలేదప్పా" అనేది, అంతే. టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరి, అక్కడే రిటైరయింది. తలకు హెడ్‌ఫోను తగిలించుకుని వైర్లు పీకి గుచ్చే కాలం నుంచి, ఆ బోర్డులన్నీ పాత ఇనుముకు పోయి కంప్యూటర్లు వచ్చేదాకా ఉంది. కంప్యూటర్లు వస్తున్నాయంటే తోటివాళ్ళు కొందరు హడలిపోయి సెలవులు పెట్టుకుంటే, ఈమె ఆ లావు పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని అక్షరం అక్షరం చదివి నేర్చుకుంది. తర్వాత గుత్తిలో తెలిసినవాళ్ళ ఇళ్ళలో కంప్యూటరు మొరాయిస్తే అత్తనే పిలిచేవాళ్ళు. ఈమె పోయి, ముందు తెర వంక చూడదు. డబ్బాకు చెవి ఆనించి కళ్ళు మూసుకుంటుంది. ఇంట్లో ఎవరైనా మాట్లాడితే "గమ్మునుండండప్పా, లైను ఇంటాండా" అని కసురుతుంది.

ఆమెకు ఇంకో అలవాటు ఉండేది. ఫోను తను ముందు పెట్టదు. ఆపరేటరు ముందు పెట్టకూడదని ఎప్పుడో నేర్పించారట. రిటైరై ఇన్నేళ్ళయినా మనం పెట్టేదాకా అటువైపు ఊరికే ఉండేది. మాట అయిపోయి మనం ఫోను చెవి నుంచి తీసేలోపు ఆమె ఊపిరి వినపడేది. నాకు తొందరెక్కువ. ఎప్పుడూ నేనే టక్కున కట్ చేసేదాన్ని.

మా ఇంటికి కంప్యూటరు వచ్చింది డిజైన్ల కోసం. ఎంబ్రాయిడరీ పువ్వులు, లతలు అందులో గీసి మిషనుకు పంపిస్తాం. కొన్న ఏడాదికే ఒకసారి నత్తలాగా అయిపోయింది. అత్త వచ్చి డబ్బా విప్పి, ఫ్యానుకు చుట్టుకున్న నూలుపీచును గుప్పెళ్ళతో లాగి బయట పెట్టింది. "ఇంగ రెండు నెలలు ఆగింటే దిండు కుట్టుకోవచ్చు గదమే" అంది. ఆ పూటే నాకు పాఠం కూడా చెప్పింది. డిస్కు నిదానమైతే ఊరికే కంగారుపడొద్దు. నిండిపోయిందా చూడు. ఎండకు కాగుతోందా చూడు. తీగ వదులైందా, నీకు తెలీకుండా వెనక ఏదన్నా పని చేస్తోందా చూడు. ఇవేవీ కాకపోతే డిస్కే అలిసిపోయింది, దాన్ని ఇంక పని చేయించగాకు. "మిషనుకు పొగరుండదు మే. అలుపుంటాది" అనేది. నేను తల ఊపాను. బుర్రలోకి పోలేదని తర్వాత తేలింది.

ఇప్పుడు మా నాయన సంగతి చెప్పాలి. నాయన పోవడానికి ముందు వేసవిలో, అత్త మా చేనికి వచ్చి, కళ్ళం దగ్గర నాయనను మంచం మీద కూర్చోబెట్టి తన ఫోనులో ఆయన మాటలు రికార్డు చేసింది. చేన్లో బావి ఎట్లా తవ్వారో, కరువులో గొడ్లను ఎక్కడెక్కడికి తోలుకుపోయారో, విత్తనం కాయలను ఆకలేసినా ముట్టకుండా ఎట్లా దాచారో. అరగంట పైనే ఉంటుంది. దాన్ని నా కంప్యూటరులో వేసి, తన దాంట్లోనూ ఒకటి వేసుకుంది. నేను ఆ పూట దాన్ని మొత్తం వినలేదు. పెళ్ళిళ్ళ పని మీద ఉన్నాను. నాయన ఉన్నాడు గదా, వినకపోతే ఏం అనుకున్నాను.

ఆ సంక్రాంతి చూడకుండానే నాయన పోయాడు.

ఏడాది తిరిగేసరికి సంవత్సరీకం నాడు అందరికీ వినిపిద్దామని ఆ ఫైలు తెరిచాను. తెరిస్తే నాయన మాటల మధ్యమధ్యలో అత్త గొంతు. ఆయన ఒక మాట అంటే ఈమె ఒకటి అడుగుతుంది, కాదంటుంది, దిద్దుతుంది. నాకు చిరాకేసింది. నాయన గొంతు ఒక్కటే తేటగా ఉండాలని, అత్త గొంతు ఎక్కడ మొదలైతే అక్కడ కత్తిరించుకుంటూ పోయాను. గుడ్డలు కత్తిరించే చెయ్యి గదా, చకచకా అయిపోయింది. ఏం మాట్లాడిందో కూడా వినలేదు. అరగంట కాస్తా పన్నెండు నిమిషాలయింది. అప్పటికే కంప్యూటరు మళ్ళీ నిదానంగా ఉంది, జాగా ఖాళీ చేస్తే వేగం వస్తుందని ఆ పెద్ద ఫైలును తీసి పారేశాను. ఈ మాట రాయడానికి నాకు ఇప్పుడు సిగ్గుగా ఉంది.

జాగా ఖాళీ అయినా వేగం రాలేదు. ఎండాకాలం వచ్చేసరికి ఒక పువ్వు డిజైను తెరవాలంటే టీ పెట్టుకుని తాగి రావచ్చు. మా ఆయన వోల్టేజీ అన్నాడు. మా వైపు ఏది చెడినా ముందు వోల్టేజీనే తిడతాం. ఫ్యాను తిరక్కపోయినా వోల్టేజీ, అన్నం ఉడక్కపోయినా వోల్టేజీ. స్టెబిలైజరు తెచ్చి పెట్టాడు. ఏమీ కాలేదు. నేను ఏదో వీడియో చూసి, డిస్కులో చెదిరిపోయినవన్నీ వరుసగా పేర్చే పని ఒకటి పెట్టాను. అది రోజంతా నడిచింది. మరునాడు కూడా. మూడో నాడు లోపల టిక్కు టిక్కుమని మొదలైంది. అప్పుడు అత్తకు ఫోను చేశాను.

"ఫోను ఆ డబ్బా కాడ పెట్టు. నువ్వు గమ్మునుండు" అంది.

పెట్టాను. పామిడిలో డబ్బా, గుత్తిలో చెవి. ఒక నిమిషం పోయాక పిలిచింది.

"ఎన్ని దినాలుగా నడుస్తాంది?"

"మూడు దినాలత్తా. ఇంగా ఇరవై శాతమే అయింది. అయిపోతే వేగం వస్తాదంట."

"బంద్ చెయ్."

"ఇంగ కొంచెం..."

"బంద్ చెయ్ మే. మీ నాయన బోరుకు చేసిందే నువ్వు దీనికి చేస్తాండావు. తగ్గే నీళ్ళను తోడితే పెరుగుతాయా? తీగ పీకు. నేను వస్తాండా."

మా నాయన బోరు సంగతి ఇంట్లో అందరికీ తెలిసిందే. నీళ్ళు తగ్గుతున్నాయని ఆయన మోటారును ఇంకో రెండు గంటలు ఎక్కువ వేసేవాడు. ముందు బురద వచ్చింది, తర్వాత గాలి వచ్చింది, చివరికి మోటారు కాలిపోయింది. మా జిల్లాలో ఈ తప్పు చెయ్యని రైతు ఉండడు. తగ్గింది ఏదైనా గట్టిగా లాగితే వస్తుందని మాకు ఎక్కడో గట్టి నమ్మకం. నాయన కూతుర్ని గదా, కంప్యూటరుకూ అదే చేశాను.

అత్త మధ్యాహ్నం బస్సుకు దిగింది. సంచిలో స్క్రూడ్రైవరు, తీగలు, తన పాత ల్యాప్‌టాపు, ఒక ఖాళీ డిస్కు, సద్ది డబ్బా. చెప్పులు విడుస్తూనే అడిగింది.

"దీంట్లో పోతే మల్ల రానిది ఏముండాది?"

"డిజైన్లు అన్నీ దాంట్లోనే ఉండాయత్తా."

"డిజైన్లు మల్ల గీసుకుంటావు. ఏడ్చినా రానిది ఏముండాది అని అడుగుతాండా."

నేను నాయన ఫొటోలు, నాయన గొంతు అన్నాను. అనేసరికి ఏడుపు వచ్చింది. అత్త నా నెత్తి మీద చెయ్యి పెట్టింది. "గొంతు నా కాడ ఒకటుండాది, భయపడగాకు. అయినా ఒక్క కాడ ఉండేదాన్ని ఉన్నట్టు అనుకోగూడదు మే. రెండు కాడ ఉంటేనే ఉన్నట్టు" అంది.

ఇంక ఆమె పని చేసే తీరు చూడాలి. మండే ఎండలు. కిటికీకి తడిపిన గోనెపట్ట కట్టించింది. డిస్కును డబ్బాలోంచి తీసి, నీళ్ళ కడవ మీద ఇత్తడి తాంబాళం పెట్టి, దాన్ని పొడిగుడ్డతో రెండుసార్లు తుడిచి, దాని మీద పసిబిడ్డను పడుకోబెట్టినట్టు పెట్టింది. తీగతో ల్యాప్‌టాపుకు కలిపింది. రోగమేందో చూడలేదు, బాగు చెయ్యబోలేదు. "బాగు చేసేది తర్వాత. ముందు విత్తనం ఎత్తిపెట్టల్ల" అంది. కరువులో ఇంట్లో గింజ లేకపోయినా మా అవ్వ విత్తనం కాయల మూట విప్పేది కాదట. అన్నా చెల్లెళ్ళు ఆకలికి ఏడుస్తున్నా విప్పేది కాదట. అత్త ఆ మాట చెప్తూ నాయన ఫొటోలను ఒక్కొక్కటే ఇవతలికి తెచ్చింది. డిస్కు నిలబడిపోతే తను కూడా నిలబడేది. వేడెక్కితే ఆపి, సద్ది తిని, మళ్ళీ కలిపేది. పొద్దు వాలేసరికి ఫొటోలు వచ్చాయి, పన్నెండు నిమిషాల ఫైలు వచ్చింది. డిజైన్లు సగం పోయాయి.

సరిగ్గా వచ్చిందో లేదో చూద్దామని ఆ ఫైలు మోగించింది. అందులో అత్త గొంతు లేదని నాకు అప్పుడు గుర్తుకొచ్చింది. అత్త కళ్ళు మూసుకుని పన్నెండు నిమిషాలూ విన్నది. ఆమె చెవికి ఎక్కడెక్కడ కత్తెర పడిందో తెలియకుండా ఉంటుందా. అయిపోయినాక కళ్ళు తెరిచి, "బాగుండాది. అన్న గొంతు తేటగా ఉండాది" అంది. కొంచెం ఆగి, "పూర్తిది ఉండాదా?" అని అడిగింది.

"లేదత్తా. జాగా చాలక..."

"సరేలే. నా కాడ ఉండాది" అని స్క్రూలు ఏరుకోవడం మొదలుపెట్టింది. తిట్టింటే బాగుండేది. కొత్త డిస్కు పెట్టి, అందులో 'విత్తనం' అని ఒక ఫోల్డరు చేసి, "పోతే రానివి దీంట్లో వెయ్యి. తక్కినవి యాడన్నా ఉండనీ" అని చెప్పి ఆఖరు బస్సుకు పోయింది.

ఇది జరిగి కొన్నేళ్ళయింది. పూర్తి ఫైలు వచ్చి వేసుకుపొమ్మని అత్త ఒకటి రెండుసార్లు అంది, నాకే తీరలేదు. ఈ ఏడు మాఘంలో, పెళ్ళిళ్ళ ఆర్డర్లు నెత్తి మీద ఉన్నప్పుడు, అత్త ఫోను చేసింది.

"మేయ్, నా డిస్కు నిదానమయింది. చప్పుడు మారింది."

"తీసి కాపీ చేసుకో అత్తా. నీకు నేను చెప్పల్లా?"

"పెన్‌డ్రైవులో వేద్దామంటే సగంలో నిలబడతాండాది. విప్పుదామంటే చేతులు వణుకుతాండాయి, స్క్రూ పట్టదు. ఒకసారి వచ్చి తీసిపెట్టిపో."

"ఈ ముహూర్తాలు అయిపోనీ. వస్తా."

"ఆ. నీకు తీరినప్పుడు రా. అందాక నేను దాన్ని వెయ్యనులే."

అటువైపు ఎప్పటిలాగే ఊపిరి వినపడుతోంది. నేను కట్ చేశాను. ముహూర్తాలు అయిపోయాయి. తర్వాత ఉగాది బట్టలు. గుత్తికి గంటసేపు కూడా పట్టదు బస్సులో. ఆమె మళ్ళీ అడగలేదు. నేను పోలేదు. పోయింది ఆమెను మట్టి చేసిన రోజున.

దినాలు అయ్యేదాకా నాకు ఏమీ తోచలేదు. పదకొండో రోజు పామిడిలో మా ఇంట్లో అన్నాలు పెట్టి అందరూ పోతుంటే, గుత్తి నుంచి వచ్చిన అత్త పక్కింటామె "మీ అత్త గొంతు నిన్న కూడా ఇన్నట్టే ఉండాది" అంది. అప్పుడు నా ఫోను వెతికాను. అత్త గొంతు ఎక్కడా లేదు. ఒక్క వాయిస్ మెసేజి లేదు, పుట్టినరోజు వీడియో లేదు. అందరి గొంతులూ దాచిన మనిషి తన గొంతు దాచుకోలేదు. ఉన్నది ఒకటే. నేను కత్తిరించి పారేసింది. అది ఇంకెక్కడైనా ఉంటే, చప్పుడు మారిన ఆ డిస్కులో ఉండాలి.

మరునాడు మా ఆయన తోడొస్తానన్నా వద్దని ఒక్కదాన్నే గుత్తికి పోయాను. అత్త ఇల్లు తాళం తీస్తే లోపల ఆమె వాసన, కొబ్బరినూనె, పాత కాగితాలు. కంప్యూటరు మీద తువ్వాలు కప్పి ఉంది. దాని మీద చీటీ, వంకరపోయిన అక్షరాలతో: 'వెయ్యొద్దు. పాప వస్తాది.' పాప అంటే నేనే. నాకు నలభై దాటాయి. ఆ చీటీ పట్టుకుని నేల మీద కూలబడి ఎంతసేపు ఏడ్చానో తెలియదు.

తర్వాత లేచి ముఖం కడుక్కున్నాను. గోనెపట్ట వెతికి తడిపి కిటికీకి కట్టాను. కడవ నింపాను. ఇత్తడి తాంబాళం దేవుని గూట్లో ఉంది, తీసి పొడిగుడ్డతో రెండుసార్లు తుడిచాను. డబ్బా విప్పాను. కొడుక్కో కూతురికో చెప్పినట్టు అత్త నాకు చెప్పినవన్నీ వరుసగా గుర్తొచ్చాయి. తీగ మార్చాను, దానివల్ల కాదు. ఎండవల్ల కాదు. అలిసిపోయింది. అత్త పాత ల్యాప్‌టాపుకు కలిపితే డిస్కు తిరిగి, ఆగి, టిక్కుమని, మళ్ళీ తిరిగింది. లోపలున్నవి కనపడడానికే చాలాసేపు పట్టింది. ఏవేవో ఫోల్డర్లు, ఎక్స్ఛేంజి కాలం నాటి ఫొటోలు, ఎవరెవరి కంప్యూటర్లకో రాసుకున్న జబ్బుల చిట్టాలు. వాటన్నిటికీ పైన 'విత్తనం'. తెరిచాను. లోపల ఒకే ఒక్క ఫైలు. మా నాయన పేరు, పక్కన నా పేరు.

కాపీ పెట్టాను. పచ్చగీత కొంచెం పోయి నిలబడింది. ఆపి మళ్ళీ పెడదామా, ఏదన్నా బాగు చేసేది నొక్కుదామా అని వేలు లాగుతోంది. నాలో ఉన్న మా నాయన మోటారు ఇంకాసేపు వేద్దామంటున్నాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. గీత మళ్ళీ కదిలింది. వేడెక్కితే ఆపాను. తినడానికి ఏమీ తెచ్చుకోలేదు, కడవలో నీళ్ళు తాగాను. రెండోసారి కలిపినప్పుడు చప్పుడు ఇంకా ఎక్కువయింది. "ఇంగ కొంచెం అత్తా, ఇంగ కొంచెం" అన్నాను, డిస్కుతోనో ఆమెతోనో. చదవలేని చోట్లు వదిలేసి ముందుకు పొమ్మని ల్యాప్‌టాపుకు చెప్పాను. గోనెపట్ట రెండుసార్లు ఆరిపోయింది, రెండుసార్లు తడిపాను. ఎండ గడప దిగే వేళకు గీత చివరికి చేరింది. ఆ తర్వాత మూడు నిమిషాలకు డిస్కు ఒకసారి గట్టిగా టక్కుమని నిలబడిపోయింది. మళ్ళీ తిరగలేదు.

ముందు పెన్‌డ్రైవులోకి రెండో కాపీ తీశాను. తర్వాతే విన్నాను.

అక్కడక్కడ మాట తెగిపోతోంది. అయినా ఉంది. చేనిగాలి ఉంది, నాయన దగ్గు ఉంది. నాయన బావి ముప్పై అడుగులు అంటాడు. "నలభై అన్నా. నేను లెక్కపెట్టినా" అంటుంది అత్త. "అప్పుడు నువ్వు ఎంతుంటివే, మేకపిల్లంత." "మేకపిల్లే లెక్కపెట్టింది. నలభై." ఇద్దరూ నవ్వుతారు. ఆ నవ్వు నేను ఎన్నడూ వినలేదు. నా కత్తెర దాన్ని కూడా తీసేసింది. ఇంకొంత పోయాక నాయన విసుక్కుంటాడు. "చాల్లేవే, ఈ పాత కతలన్నీ ఎవరింటారు?"

"నీ కూతురు ఇంటాది" అంటుంది అత్త. "ఈ పొద్దు దానికి తీరదు. ఒకపొద్దు ఒక్కతే కూచ్చుని ఇంటాది. నువ్వు చెప్పు."

నాయన చెప్పాడు. చివరికి "గొడ్లకు నీళ్ళు పెట్టల్ల" అని లేచిన చప్పుడు, మంచం కిర్రుమన్న చప్పుడు, చెప్పులు దూరం పోయిన చప్పుడు. అక్కడ అయిపోయిందనుకున్నాను. అయిపోలేదు. అత్త ఆపలేదు. గాలి, దూరంగా ఆవు మెడలో గంట, దగ్గరగా ఆమె ఊపిరి. ఫోనులో ఎప్పుడూ ఉన్నట్టే, అటువైపువాళ్ళు ముందు పెట్టేదాకా ఉంది.

నా వేలు అలవాటుగా మీట మీదికి పోయింది. వెనక్కి తీసుకున్నాను. ఆమె ఊపిరి వింటూ, ఫైలు దానంతటదే అయిపోయేదాకా కూర్చున్నాను.